డబ్బు కట్టాం కదా, మరి పన్ను కట్టినట్టు కాదా?

మొన్నామధ్య ఒక 20వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకు మా బావగారు ఫోన్ చేశారు. ఆయనకు విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు. "ఏవయ్యా, ఖాతాలోంచి నలభై రెండు వేలు పోయాయి, జీఎస్టీలో చూస్తే ఇంకా రాలేదంటోంది, ఇప్పుడేం చెయ్యమంటావ్?" అన్నారు. నేను స్క్రీన్‌షాట్ పంపమని చెప్పి, అది చూసి జవాబు టైప్ చేసేలోపే ఆయన ఇంకో చలానా తయారు చేసి, ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) ఖాతాలోంచి మరో నలభై రెండు వేలు కట్టేశారు. రెండోది వెంటనే పడింది, త్రీబీ, అంటే నెలనెలా 20లోపు వెయ్యాల్సిన జీఎస్టీ రిటర్ను, వెళ్ళిపోయింది. తెల్లారేసరికి మొదటిదీ పడింది. మొత్తం ఎనభై నాలుగు వేలు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఆయన కట్టాల్సింది 42,000. ఆలస్యమైతే వడ్డీ ఏడాదికి 18 శాతం, అంటే రోజుకు 21 రూపాయల లోపే. రిటర్ను ఆలస్యానికి లేటు ఫీజు రోజుకు 50, సీజీఎస్టీ (కేంద్రం వాటా) కింద 25, రాష్ట్ర జీఎస్టీ కింద 25. మూడు రోజులు ఆగి, మొదటి పేమెంటు సంగతి తేలాకే రిటర్ను వేసినా ఆయనకు పడేది మహా అయితే 212 రూపాయలు. ఆ 212కి భయపడి నలభై రెండు వేలు ఓడీలోంచి లాగారు. బేరం దగ్గర పది రూపాయలకు అరగంట వాదించే మనిషి!

ఆయన తెలివితక్కువవాడు కాదు. డబ్బు ఖాతాలోంచి పోవడం, అది ప్రభుత్వానికి చేరడం, పన్ను కింద జమ కావడం అనే మూడూ వేరువేరు సంగతులని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. జీఎస్టీ వచ్చింది 2017 జూలై 1న. ఇన్నేళ్ళయినా బీసెంట్ రోడ్డులో, వన్‌టౌన్‌లో, గుంటూరు పట్నంబజారులో షాపు నడిపే చాలామందికి ఈ తేడా తెలియదని నా అనుభవం. తప్పు వాళ్ళ మీదకు నెట్టడం తేలిక గానీ, జీఎస్టీ పోర్టల్ వాడే మాటలే ఆ తేడాను దాచిపెడుతున్నాయని నేనంటాను.

పోర్టల్‌లో చలానా తయారు చేయగానే 14 అంకెల సీపిన్ వస్తుంది. ఇది కేవలం "నేను ఇంత కడతాను" అన్న చీటీ, దానికి 15 రోజుల గడువు. డబ్బు కట్టాక బ్యాంకు నుంచి కబురు వస్తే సిన్ పుడుతుంది, 17 అంకెలు, అదే సీపిన్‌కి బ్యాంకు కోడ్ మూడు అంకెలు తగిలించినది. సిన్ వచ్చిందంటేనే డబ్బు సర్కారు ఖాతాకు చేరినట్టు. అయితే అది కూడా పన్ను కాదు. అది మీ పేరున ఉన్న ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్‌లో పడుతుంది, మనవాళ్ళ భాషలో చెప్పాలంటే షాపులో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళినట్టు: డబ్బు మీ పేరుమీదే ఉంది, బిల్లు మాత్రం కొట్టలేదు. త్రీబీ వేసి, ఆ లెడ్జర్‌లోంచి అప్పు తీర్చినప్పుడే బిల్లు తెగినట్టు. "చలానా పెయిడ్ అని చూపిస్తోంది కదా సార్, మరి నోటీసు ఎందుకొచ్చింది" అని అడిగేవాళ్ళలో చాలామంది చిక్కుకునేది ఇక్కడే. చలానా పెయిడ్, నిజమే. రిటర్ను వెయ్యలేదు. అడ్వాన్సు లెడ్జర్‌లో నిద్రపోతోంది, దాని మీద ప్రభుత్వం మీకు వడ్డీ కూడా ఇవ్వదు.

మరి 20వ తేదీలోపు డబ్బు లెడ్జర్‌లో పెట్టేసి, ఏదో కారణంతో రిటర్ను 25న వేస్తే ఆ అయిదు రోజులకు వడ్డీ పడుతుందా? మామూలు బుద్ధితో ఆలోచిస్తే, డబ్బు వాళ్ళ దగ్గరే ఉండగా వడ్డీ ఎందుకు అనిపిస్తుంది. చట్టం మాత్రం చాలాకాలం అలా అనుకోలేదు. కోర్టులూ ఒక్క మాట మీద లేవు: 2022లో జార్ఖండ్ హైకోర్టు లెడ్జర్‌లో ఉన్నంత మాత్రాన పన్ను కట్టినట్టు కాదంది, 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు గడువులోగా ప్రభుత్వ ఖాతాకు చేరితే వడ్డీ వెయ్యడం కుదరదంది. చివరికి 2024 జూన్‌లో జరిగిన 53వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో చెప్పి, జూలైలో వడ్డీ లెక్క చెప్పే 88బి నిబంధనకు ఒక మాట చేర్చారు. గడువు తేదీకి లెడ్జర్‌లో పడి, రిటర్ను వేసేదాకా అక్కడే ఉన్న సొమ్ముకు వడ్డీ లేదు. లేటు ఫీజు మాత్రం ఉంటుంది, అది రిటర్ను ఆలస్యానికి కాబట్టి.

ఇంత చిన్న న్యాయానికి ఏడేళ్ళు పట్టింది. పట్టినా వచ్చింది, సంతోషం. కానీ ఆ మార్పు ఆటోనగర్ మూడో రోడ్డు దాకా వచ్చిందా? మా బావగారికి తెలియదు. ఆయన పక్క షాపు వాళ్ళకీ తెలియదు, నేను అడిగాను. తెలిసి ఉంటే సరిగ్గా ఈ పనికే పనికొచ్చేది: లెక్కలు తేలకపోతే 20న అంచనాగా డబ్బు లెడ్జర్‌లో వేసి, రిటర్ను రెండు రోజులు తీరిగ్గా చూసుకోవచ్చు, వడ్డీ బాధ ఉండదు.

ఇంకో సంగతి, దీన్ని నేను ముఖ్యమైనదిగా చూస్తాను. చట్టంలో 49వ సెక్షన్ కింద వివరణ ఒకటి ఉంది: బ్యాంకులో ప్రభుత్వ ఖాతాకు డబ్బు జమైన తేదీయే లెడ్జర్‌లో వేసిన తేదీ. పోర్టల్ తెర మీద ఎప్పుడు కనపడింది అన్నది కాదు. అంటే 20న ప్రభుత్వ ఖాతాకు చేరిన సొమ్ము 21 ఉదయం తెర మీదకు వచ్చినా తేదీ 20దే.

ఇక ఆ స్టేటస్ మాటలు. "ఇనీషియేటెడ్" అంటే పేమెంటు మొదలైంది, బ్యాంకు నుంచి ఇంకా ఏ కబురూ లేదు. "అవెయిటింగ్ బ్యాంక్ కన్ఫర్మేషన్" అంటే మీరు బ్యాంకు పేజీకి వెళ్ళారు, అక్కడి నుంచి తిరిగి కబురు రాలేదు. కంపెనీ ఖాతాల్లో ఒకరు ఎక్కించి ఇంకొకరు ఆమోదించే పద్ధతి ఉంటే కూడా ఇదే కనపడుతుంది, అంటే డబ్బు పోయినా ఇదే, పోకపోయినా ఇదే. "అవెయిటింగ్ బ్యాంక్ క్లియరెన్స్" వేరే, అది కౌంటర్లో కట్టినవాళ్ళకు, దానికి చలానాకి పది వేల పరిమితి. మా బావగారికి కన్ఫర్మేషన్, క్లియరెన్స్ రెండూ ఒకటే. ఆ మాటకొస్తే నాకూ చాలాకాలం ఒకటే. కన్ఫర్మేషన్ అన్న ఆ మాట కింద "మీ ఖాతాలో డబ్బు తగ్గిందేమో చూసుకోండి, తగ్గితే మళ్ళీ కట్టకండి, 24 గంటలు ఆగండి" అని ఒక్క తెలుగు వాక్యం పెడితే ఎంత టెన్షన్ తగ్గుతుందో! ఆగాక కూడా రాకపోతే పీఎంటీ-07 అనే ఫారంలో ఫిర్యాదు వెయ్యొచ్చు, పోర్టల్లోనే. ఫారం ఉంది, దాని పేరు తెలిసినవాడే లేడు.

స్టేటస్ చూడ్డానికి లాగిన్ కూడా అక్కర్లేదు. పోర్టల్ మొదటి పేజీలో సర్వీసెస్, అందులో పేమెంట్స్, అందులో ట్రాక్ పేమెంట్ స్టేటస్. మన 37తో మొదలయ్యే జీఎస్టీ నంబరు, సీపిన్ కొడితే చాలు. ఇది నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మన ఊళ్ళలో సీఏ చదివినా చదవకపోయినా జీఎస్టీ చూసే ప్రతివారూ "ఆడిటర్ గారే". యూజర్ నేమ్ ఆయన దగ్గర, పాస్‌వర్డ్ ఆయన దగ్గర, రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన మొబైలూ మెయిలూ కూడా చాలాచోట్ల ఆయనవే. డిపార్ట్‌మెంట్ పంపే ప్రతి ఎస్సెమ్మెస్ ఆయన ఫోన్‌కే వెళ్తుంది. షాపు యజమానికి తన పన్ను గురించి తెలిసేది నెలకోసారి "పంపించండి సార్" అన్న వాట్సాప్ మెసేజ్ ఒక్కటే. చాలామంది ఆడిటర్లు నిజాయితీగా చేస్తారు, సందేహం లేదు, 20వ తేదీ సూర్యారావుపేటలో ఏ ఆఫీసుకెళ్ళినా రాత్రి పదకొండు దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కానీ డబ్బు వాళ్ళ చేతికి ఇచ్చి చలానా అడగని అలవాటు ఎప్పటికైనా ముంచుతుంది. సీపిన్ అడిగి రాసుకోండి. అడిగితే ఆడిటర్ గారు ఏమైనా అనుకుంటారేమో అనే మొహమాటం మనది, అనుకోరు.

మొహమాటం కన్నా ఎక్కువ నష్టం చేసేది తప్పు పెట్టెలో డబ్బు వెయ్యడం. రాష్ట్రం లోపల అమ్మితే పన్ను సగం సీజీఎస్టీ, సగం ఎస్జీఎస్టీ. గుంటూరు నుంచి ఎండుమిర్చి బయటి రాష్ట్రానికి పంపితే 5 శాతమూ ఐజీఎస్టీ. చలానాలో ఈ పెట్టెలు వేరు, ఒక్కో పెట్టెలో మళ్ళీ పన్ను, వడ్డీ, పెనాల్టీ, ఫీజు, ఇతరాలు అని అరలు. ఫీజు అరలో వేసిన డబ్బు పన్నుకు పనికిరాదు. మొదట్లో ఇలా తప్పేస్తే ఇక రీఫండ్ కోసం తిరగడమే, 2020 నుంచి పీఎంటీ-09తో ఒక అర నుంచి ఇంకో అరకు మనమే మార్చుకోవచ్చు. అసలు ఆ అవసరమే లేకుండా, త్రీబీ నింపాక పేమెంట్ పేజీలోంచే చలానా తయారు చేస్తే అంకెలు వాటంతటవే పడతాయి. విడిగా చలానా తయారు చేసుకునే పాత అలవాటే తప్పులకు మూలం.

ఎన్ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్ దారిలో వెళ్ళేవాళ్ళకు ఇంకో తిప్పలుంది, అక్కడ సీపిన్‌నే ఖాతా నంబరులా వాడాలి, గడువు దాటిన సీపిన్ మీద పంపితే డబ్బు వెనక్కి వస్తుంది. ఈలోగా 20 దాటిపోతుంది. మూడు నెలలకోసారి రిటర్ను వేసే స్కీములో ఉన్న చిన్న వ్యాపారులు, అయిదు కోట్ల టర్నోవర్ లోపు వాళ్ళు, రిటర్ను లేని రెండు నెలలూ 25వ తేదీలోపు డబ్బు మాత్రం కట్టాలి. పోయిన మూడు నెలల్లో నగదుగా కట్టిన పన్నులో 35 శాతం కట్టేసి ఊరుకోవచ్చు. వాళ్ళు కట్టేది నిజంగానే అడ్వాన్సు, పేరు మాత్రం ఎవరూ అలా పెట్టరు.

పాత రోజులే బాగున్నాయని నేను అనడం లేదు. వ్యాట్ కాలంలో మా నాన్నగారు బ్యాంకు ముద్ర పడిన చలానాను ఊచకు గుచ్చి గోడకు వేలాడదీసేవారు, ఆ ముద్రను చేత్తో తడిమి చూసుకుంటే ఉండే భరోసా ఈ తెర మీద రాదు, అది నిజం. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నీళ్ళు సింగ్‌నగర్ మీద పడ్డాక, బిల్లు పుస్తకాలు తడిసి ముద్దయిన ఒక తెలిసినాయనకు పోర్టల్‌లోని చలానా చరిత్రే దిక్కయింది. ఊచకు గుచ్చిన కాగితాలు ఆ నీళ్ళలో ఏమయ్యేవో చెప్పక్కర్లేదు.

అయితే ఆన్‌లైన్ అన్నాక అడ్డంకి వచ్చినప్పుడు బరువు ఎవరి మీద పడాలి అన్నదే నా ప్రశ్న. 2025 జనవరిలో పోర్టల్ రెండు రోజులు మొరాయిస్తే జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) గడువు 13కి, త్రీబీ గడువు 22కి పొడిగించారు. అందరికీ కలిపి ఆగిపోతే అందరికీ కలిపి గడువు వస్తుంది. ఒక్కడి డబ్బు బ్యాంకుకూ పోర్టల్‌కూ మధ్య ఇరుక్కుంటే వాడి గోల వాడిదే. 24 గంటలు ఆగమంటారు సరే, ఆ 24 గంటలు 20వ తేదీ రాత్రి మొదలైతే రిటర్ను ఆగుతుంది, లేటు ఫీజు మీటరు తిరుగుతుంది, తర్వాతి నెల త్రీబీలో అదే వచ్చి కూర్చుంటుంది. 20న బ్యాంకులోంచి డబ్బు వెళ్ళిందని తర్వాత రుజువైతే, కబురు వచ్చేదాకా పట్టిన రోజులకు ఆ ఫీజు తనంతట తానే ఎగిరిపోవాలి. వంద, నూట యాభై రూపాయల కోసం చిన్న షాపువాడు అర్జీ పట్టుకుని తిరగడు, కట్టేస్తాడు. అతను కట్టేస్తాడన్న ధీమా మీదే ఈ వ్యవస్థ ఇలా నడిచిపోతోంది.

భయం కూడా ఊరికే రాలేదు లెండి. వరసగా రెండు త్రీబీలు ఆగితే ఈ-వే బిల్లు ఆగిపోతుంది, సరుకు కదలదు. కొన్నవాళ్ళు మన నంబరు కొట్టి రిటర్ను వేశామా లేదా చూస్తారు, వాళ్ళ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తమ పన్నులోంచి తగ్గించుకునే వీలు, దాని మీద ఆధారపడి ఉంది. ఆటోనగర్లో మాట పోతే మళ్ళీ తెచ్చుకోవడం కష్టం. బావగారు భయపడింది 212 రూపాయలకు కాదని నాకు తర్వాత అర్థమైంది.

ఆ ఎక్కువ పడిన నలభై రెండు వేలు లెడ్జర్‌లోనే ఉంచాం. రీఫండ్ అడగొచ్చు గానీ, వచ్చే నెల పన్నుకు వాడుకోవడమే తేలిక. ఆ నెల ముప్పై ఎనిమిది వేలే పడింది, ఇంకో నాలుగు వేలు మిగిలింది. ఓడీ వడ్డీ ఎంతైందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆడిటర్ గారితో మాట్లాడి రిజిస్ట్రేషన్‌లో మొబైల్ నంబరు మాత్రం బావగారిది పెట్టించాం.

మొన్న 20న మళ్ళీ ఫోన్, రాత్రి పదకొండింటికి. "ఏవయ్యా, ఏదో ఓటీపీ వచ్చింది, ఎవడో దొంగవెధవ అయ్యుంటాడు, చెప్పొద్దంటావా?" అన్నారు. అవతల లైన్లో ఆడిటర్ గారు ఆ ఓటీపీ కోసమే ఎదురుచూస్తున్నారు.