పైపంచె లేనివాడికి పరలోకం లేదు

గుళ్ళలో భక్తి తగ్గిపోతోందని వాపోయేవాళ్ళంతా గర్భగుడి వైపు తిరిగి వాపోతుంటారు. చూడాల్సింది అటు కాదు. ధ్వజస్తంభం పక్కన, మండపం నీడలో, పులిహోర దొన్నె చేత్తో పట్టుకుని కూర్చున్న పెద్దలను చూడాలి. లోపలి స్వామిది వచ్చినవాడి మీదల్లా ఒకటే చూపు. బయటి పెద్దలు అలా తేల్చేసే రకం కాదు. కాలి మెట్టెల దగ్గర మొదలుపెట్టి, చీర అంచు మీదుగా, మెడలో ఎన్ని పేటలున్నాయో లెక్క చూసుకుని, నుదుటి దగ్గర ఒక్క క్షణం ఆగి, పక్కావిడ చెవిలో తీర్పు చెబుతారు. ఇంత పనీ జీతం భత్యం లేకుండా చేస్తున్నారు. వీరి సేవను గుర్తించి, ప్రతి ఆలయంలోనూ ఒక రూప పరీక్షా విభాగం తెరవాలని దేవాదాయ శాఖను సవినయంగా కోరుతున్నాను. రెండు రాష్ట్రాల శాఖలనూ.

మనసు చూడాలి గానీ మనిషిని చూస్తారేమిటి అని అడిగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉంటారు. మనసు చూసే యంత్రం ఎక్కడ దొరుకుతుందో వాళ్ళే చెబితే రేపే టెండరు పిలుద్దాం. అందాకా పంచె చూడక తప్పదు.

పంచె విషయంలో తిరుమలే మనకు ఆదర్శం. ఆర్జిత సేవలకూ, మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికీ మగవారు పంచె ఉత్తరీయమో, కుర్తా పైజామానో; ఆడవారు చీరో, లంగా ఓణీయో, చున్నీతో చుడీదారో వేసుకోవాలి. నియమం తేటతెల్లంగా ఉంది. ఆఖరి నిమిషంలో గుర్తొచ్చినవాళ్ళ కోసం దుకాణాల్లో పంచెలు వేలాడుతూనే ఉంటాయి. భక్తుడు ఒకటి కొని, జీన్సు పాంటు మోకాళ్ళదాకా మడిచి, దాని మీద చుట్టబెట్టి, జేబులో తాళాలు గలగలలాడుతుండగా గోవిందా అంటూ కదులుతాడు. వెల్క్రో పంచెలు వచ్చాక చుట్టబెట్టే శ్రమ కూడా తప్పింది, అతికిస్తే సరి. స్వామి సర్వాంతర్యామే కావచ్చు గానీ పంచె లోపలిదాకా వచ్చి చూస్తాడని ఏ ఆగమంలోనూ లేదు.

అయితే పంచె ఉందా లేదా అన్నంతటితో పరీక్ష ముగిస్తే అది మొరటు పని. అనుభవజ్ఞులు అంచు చూస్తారు. రెండు వేళ్ళ జరీ అంచువాడికి ఒక నమస్కారం, నాలుగు వేళ్ళ అంచువాడికి నమస్కారంతోపాటు మండపంలో చోటు, పక్కకు జరిగి మరీ. ఆడవారి పట్టుచీరల దగ్గర విద్య ఇంకా సూక్ష్మం. ధర్మవరమా, గద్వాలా, ఉప్పాడా అన్నది పదడుగుల దూరం నుంచే తేలిపోతుంది. అసలా, పవర్‌లూమా అన్నది ప్రదక్షిణలో వెనకాలే నడిచి తేల్చుకుంటారు. పదకొండు ప్రదక్షిణలు ఎందుకు పెట్టారో ఇప్పుడర్థమైందా?

ఇక నుదురు. విభూతి మూడు రేఖలు సమానంగా ఉన్నాయా, కుంకుమ రూపాయి బిళ్ళంత ఉందా, నామం నిటారుగా దిగిందా అన్నవి ప్రాథమిక ప్రశ్నలు. ఈ రంగంలో శ్రీవైష్ణవులు ముందున్నారు. వారిలోని రెండు శాఖలు వడగలై, తెంగలై వారికి నామంలో తేడా కాస్త కింది భాగం దగ్గరే. ఒకరిది ముక్కు మీదికి దిగదు, ఇంకొకరిది దిగుతుంది. ఆ కాస్త మేరకే తరాల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. కంచి వరదరాజస్వామి గుడి ఏనుగు నుదుట ఏ నామం దిద్దాలన్న తగువు కూడా కోర్టుకెక్కిందని చెప్పుకుంటారు. ఏనుగు వాంగ్మూలం తీసుకున్నట్టు మాత్రం ఎవరూ చెప్పరు.

ఆడవారి నుదురు వేరే శాఖ. శ్రావణ శుక్రవారం పేరంటానికి వెళ్ళినవారికి ఆ పరీక్ష ఎంత పకడ్బందీగా జరుగుతుందో తెలుసు. బొట్టు పెట్టుకునేదా, అంటించుకునేదా? నల్లపూసలు బయటికి కనబడుతున్నాయా, ఫ్యాషనని ఇంట్లో వదిలేసిందా? పోయిన ఏడు భర్త పోయిన పిన్నిగారు తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఆ పూజకంతటికీ పులిహోర కలిపి, పూర్ణాలు వండి, వంటింటి గుమ్మంలో నిలబడి ఉంటారు. చింతపండు పిసకడానికి ఆమె చెయ్యి శ్రేష్ఠమైనదే. కుంకుమభరిణె మాత్రం ఆమె దాకా వచ్చి, అక్కడ గోడ ఉన్నట్టు మలుపు తిరిగి, ఆవలి ఆమె దగ్గరికి పోతుంది. ఎవరూ ఒక్కమాట అనరు. అంత మర్యాదగా, అంత నిశ్శబ్దంగా ఒక మనిషిని తీసేయగల పరీక్షాధికారులు ఏ సర్వీసు కమిషన్‌లో దొరుకుతారండీ?

కళ్ళకు అందనిది చెవులతో పూర్తిచేసుకునే ఏర్పాటూ ఉంది. అర్చన టికెట్టు పళ్ళెంలో పెట్టగానే 'గోత్రం?' అని అడుగుతారు. జవాబు టక్కున వస్తే ఒక లెక్క. తడబడి, పక్కవాళ్ళ ముఖాలు చూసి, 'శివ గోత్రం అని చదవండి స్వామీ' అంటే ఇంకో లెక్క. కేరళలో ఇంత సాగదీయరు. చాలా గుళ్ళలో మగవాళ్ళు చొక్కా విప్పాలి, అంతే. జంధ్యం ఉన్నదెవరికో కనిపెట్టడానికి పుట్టిన పద్ధతి అది, ఇక మానేయండి అని 2024 చివర్లో శివగిరి మఠాధిపతి సచ్చిదానంద స్వామి అంటే ఎంత గొడవైందో చూశాం. పెద్దాయన, పరీక్షకు ముందే ప్రశ్నపత్రం బయటపెట్టేశారు మరి.

అక్కడే గురువాయూరులో ఇంకో ముచ్చట. 2007లో ఆడవాళ్ళు చుడీదార్లతో రావచ్చునన్నారు. ఆ తర్వాత జ్యోతిష్కులు దేవప్రశ్న వేసి చూస్తే, స్వామికి అది నచ్చలేదని తేలింది. గోపికల చీరలు ఎత్తుకెళ్ళి చెట్టెక్కి కూర్చున్న స్వామికి దుస్తుల విషయంలో ఇంత పట్టింపు ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. వయసు మీద పడితే అందరూ అంతేనేమో.

దీక్షా మాలల గురించి చెప్పకపోతే కళ్ళు పోతాయి. నలుపైతే అయ్యప్ప, ఎరుపైతే భవాని, కాషాయమైతే ఆంజనేయుడు. దూరం నుంచి రంగు చూసి చేతులు జోడించవచ్చు, మనిషెవరో తెలుసుకోవాల్సిన పని లేదు. నిన్నటిదాకా 'ఒరేయ్' అన్నవాణ్ణి ఇవాళ 'స్వామీ' అంటాం. వాడూ నిన్నటిదాకా మనల్ని అన్నవి మర్చిపోయి మనల్నీ 'స్వామీ' అంటాడు. నిజంగానే మంచి ఏర్పాటు. కార్తీకంలో ఆఫీసుకు వెళ్ళి ఫైలు గురించి అడిగితే గుమాస్తా స్వామి కళ్ళు మూసుకుని, 'మాలలో ఉన్నాను స్వామీ, చేత్తో ముట్టుకోను, ఆ సొరుగులో వేసి వెళ్ళండి' అంటారు. నిష్ఠ అంటే అదీ. నలభై ఒక్క రోజులూ ఆ చెయ్యి అలా నిర్మలంగానే ఉంటుంది.

ఈ శాస్త్రం హిందువుల సొంత సొత్తని గర్వపడనక్కర్లేదు. మన పెంతెకొస్తు సంఘాల్లో చాలాచోట్ల ఇదే పరీక్ష తలకిందులుగా జరుగుతుంది. శుక్రవారం గుళ్ళో ఉత్తీర్ణమైన జత కమ్మలు ఆదివారం ఆరాధనలో తప్పుతాయి. తెల్లచీర, తల మీద కొంగు, నుదురు ఖాళీ, మెడ ఖాళీ. కొత్తగా వచ్చిన ఆమె చేతికి రెండు గాజులు కనబడితే 'లోకాశ ఇంకా పోలేదమ్మా' అని ముందు వరుసలోంచి ఒక నిట్టూర్పు. ఒకే ఇంట్లో అక్క గుడికీ చెల్లెలు చర్చికీ వెళ్తుంటే ఆ చెల్లెలి బోసి మెడ చూసి అక్క ఏడుస్తుంది, అక్క నగలు చూసి చెల్లెలు ప్రార్థన చేస్తుంది. బంగారం మాత్రం ఇద్దరిదీ ఒకే బ్యాంకు లాకర్లో ఉంటుంది. మసీదుల్లో కాస్త దయ ఉంది. టోపీ మర్చిపోయినవాడి కోసం గుమ్మం దగ్గర బుట్టలో ప్లాస్టిక్ టోపీలు పెడతారు. గడ్డం పొడవుకూ, చీలమండ మీది పాంటుకూ అలాంటి బుట్టలు ఇంకా రాలేదు.

సముద్రాలు దాటినవారు కూడా ఈ విద్యను మరిచిపోలేదు. 1970ల్లో పిట్స్‌బర్గ్ కొండ మీద వేంకటేశ్వరుడు కొలువైన దగ్గర్నుంచీ అమెరికాలో గుడి ఉన్న చోటల్లా పరీక్షాకేంద్రం ఉంది. మంచు కురిసే రోజుల్లో పంచె మీద మోకాళ్ళదాకా కోటు, కింద ఉన్ని మేజోళ్ళు. అందువల్ల అక్కడ పరీక్ష చెప్పుల స్టాండు దగ్గర, కోట్లు విప్పే చోటికి మారింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల లెగ్గింగ్స్‌తో వచ్చి, కళ్ళు మూసుకుని, అన్నమయ్య కీర్తన తప్పు లేకుండా పాడితే, ఆంటీలు చివరిదాకా విని, 'పాట బాగుంది గానీ...' అంటారు. ఆ 'గానీ' కోసమే వాళ్ళు వారమంతా ఆగుతారు.

ఇంత పటిష్ఠమైన వ్యవస్థకు ఇబ్బంది ఎక్కడొస్తోందంటే, దేవుళ్ళ దగ్గర. సహకరించరు. మన విభాగానికి ఆద్యుడని చెప్పదగిన దక్షప్రజాపతినే తీసుకోండి. అల్లుణ్ణి ఎగాదిగా చూశాడు. ఒంటినిండా బూడిద, కట్టుకున్నది తోలు, మెడలో పాము, ఉండేది శ్మశానంలో, తిరిగేది భూతాలతో. ఏ మామ అయినా పిలుస్తాడా? యజ్ఞానికి పిలవలేదు. పరీక్ష సక్రమంగానే జరిగింది. ఆ తర్వాత వీరభద్రుడి వల్ల తలెత్తిన శాంతిభద్రతల సమస్యకు పరీక్షను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ యజ్ఞం జరిగింది మన ద్రాక్షారామంలోనేనని స్థలపురాణం. ఇప్పుడక్కడ ఊరి పేరులో మాత్రమే మామగారు మిగిలారు. గుడి భీమేశ్వరుడిది, అంటే ఆ తోలు కట్టుకున్న అల్లుడిదే.

శ్రీకాళహస్తిలో ఇంకా ఘోరం. తిన్నడనే బోయవాడు వేట ముగించుకుని, చెప్పులతో, పుక్కిట నీళ్ళతో, ఎంగిలి మాంసంతో తిన్నగా లింగం దగ్గరికి వెళ్ళాడు. మన మండపం పెద్దలెవరైనా అప్పుడు ఉండి ఉంటే గేటు దాటేవాడే కాదు. దాటాడు, సొంత కన్ను పీకి ఇచ్చాడు, లింగం మీద కాలు పెట్టాడు. దుస్తుల నియమం ఉల్లంఘించినందుకు జరిమానా వేయాల్సింది పోయి, మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు మొదటి ధ్వజారోహణం ఈనాటికీ కన్నప్ప కొండ మీద చేస్తున్నారు. స్వామి జెండా ఆ తర్వాతే. నిబంధనలు పాటించినవాళ్ళు దీని నుంచి ఏం నేర్చుకోవాలి?

తిరుమలలో హథీరాం బావాజీ సంగతి మరీ చిక్కు. ఉత్తరాది బైరాగి, జడలు, దుమ్ము. స్వామివారి హారం అతని మఠంలో దొరికింది. రాత్రి మా ఇంటికొచ్చి పాచికలాడి మర్చిపోయి వెళ్ళాడండీ అన్నాడు. ఆ అవతారం చూసి ఆ మాట ఎవరు నమ్ముతారు? గదినిండా చెరకు వేసి, తెల్లారేలోగా తినమని తాళం పెట్టారు. ఏనుగొకటి వచ్చి తినిపోయిందట. మళ్ళీ ఏనుగే! దొంగలా కనిపించిన ఆ బైరాగి మఠం మహంతుల చేతికే 1843లో ఈస్టిండియా కంపెనీ కొండ పాలన అప్పగించింది. 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా తాళాలు వాళ్ళ దగ్గరే.

కొండ దిగితే స్వామివారి చెల్లెలు తాతయ్యగుంట గంగమ్మ. మే నెలలో జాతరంటే తిరుపతి మగవాళ్ళు చీరలు కట్టి, జడలు వేసి, పూలు పెట్టుకుని వస్తారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, రోజుకొకటి. ఒళ్ళంతా రంగులు, బొగ్గుమసి, వేపాకు, నోటినిండా బూతులు. అమ్మకు అదే మొక్కు. అటు కొండ మీది నుంచి పద్ధతిగా అన్నగారి సారె వస్తుంది. ఒకే కుటుంబంలో ఇన్ని దుస్తుల నియమాలుంటే విభాగం ఎలా పనిచేయాలో చెప్పండి.

ఇవన్నీ ఆలోచించే ముసాయిదాలో కొన్ని సడలింపులు పెట్టాం. సిఫార్సు లేఖతో వచ్చినవారికి పరీక్ష లేదు. లేఖ మీది సంతకం చూశాక వారి ముఖంలో తేజస్సు ఎలాగూ కనబడుతుంది. పెద్ద విరాళం ఇచ్చినవారి పిల్లలు ఏం వేసుకున్నా 'పసివాళ్ళు' అనే పద్దు కింద రాయాలి, పాతికేళ్ళ వరకూ. దక్షుడి అల్లుడి లాంటివారు ఎదురైతే వెంటనే పైఅధికారికి తెలపాలి, సొంతంగా నిర్ణయం తీసుకోరాదు.

ఒక్కటి మాత్రం తేలలేదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదోరోజు పొద్దున స్వామే మోహినిగా చీరకట్టి, సింగారించుకుని, పల్లకిలో మాడవీధుల్లో ఊరేగుతాడు. తిరిగొచ్చేటప్పుడు పంచెల వరుసలో పంపాలా, చీరల వరుసలో పంపాలా అని గేటు దగ్గరి కుర్రాడు రాసి అడిగాడు. కమిటీ మూడు గంటలు కూర్చుంది. ప్రస్తుతానికి పంపేయమని, సిఫార్సు లేఖ ఎవరిచ్చారో మాత్రం రిజిస్టర్లో రాసుకోమని జవాబిచ్చాం.