చిన్న లక్ష్యాలతో తస్మాత్ జాగ్రత్త

ఈమధ్య కొందరు నిపుణులు ఒక ప్రమాదకరమైన సలహా ప్రచారం చేస్తున్నారు. లక్ష్యం మన శక్తికి తగ్గట్టు ఉండాలట. రోజుకు పది నిమిషాలు నడిస్తే చాలట, రెండు పేజీలు చదివితే చాలట. వినడానికి బాగానే ఉంది. కానీ పది నిమిషాలే అయితే నిజంగానే నడవాల్సి వస్తుంది కదా!

పెద్ద లక్ష్యంతో ఈ బెడద లేదు. 42 కిలోమీటర్ల మారథాన్ పరుగెత్తుతానని ప్రకటించినవాడికి ఆ రోజే గౌరవం దక్కుతుంది. తర్వాత పరుగెత్తకపోతే సానుభూతి కూడా దక్కుతుంది. అంత దూరం ఎవరి వల్ల అవుతుంది పాపం, అంటారు. పది నిమిషాలు నడవలేనివాడి మీద మాత్రం ఎవరూ జాలిపడరు. పరువుగా ఓడిపోవాలంటే లక్ష్యం ఆకాశంలో ఉండాల్సిందే.

అంచనాలు వాస్తవానికి దగ్గరగా ఉండాలన్నది ఇంకో చాదస్తం. థీసిస్ ఎప్పటికి పూర్తవుతుందని విద్యార్థులను అడిగిన పరిశోధన ఒకటి 1994లో వెలువడింది. సగటున 34 రోజులు అన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు అంటే, 49 అన్నారు. చివరికి పట్టింది 55 రోజుల పైనే. దీన్ని మనిషి బలహీనత అంటారు పండితులు. ఆ 55 ముందే తెలిస్తే పాపం ఆ పిల్లలు పెన్ను పట్టేవారా అని మాత్రం అడగరు.

ఇక ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ చెప్పే మాట సంగతి. ముఖానికి శస్త్రచికిత్స జరిగినవాళ్లు కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాశాడు. ఆ 'కనీసం' దారిలో ఎక్కడో జారిపోయింది, మంచిదే అయింది. 22వ రోజున దర్జాగా మానేసే హక్కు మనకు దక్కింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం ఊరుకోకుండా లెక్కకట్టి, అలవాటు కావడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు, సగటున 66 అని తేల్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. మధ్యలో ఒక్క రోజు తప్పినా అలవాటుకు పెద్ద నష్టం లేదని కూడా చెప్పేసింది! ఎంత అన్యాయం! 'నిన్న తప్పింది, ఇక వచ్చే సోమవారం నుంచే' అన్న సాకును ఇలా నిర్దాక్షిణ్యంగా లాగేసుకుంటే సామాన్యుడు ఏమైపోవాలి?

పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అయితే మరీ హద్దు మీరాడు. ఏ పని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ముందే అనుకుంటే ఆ పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందట. 'పళ్లు తోముకోగానే బూట్లు వేసుకుంటాను' అని అనుకున్నాక తప్పించుకోవడానికి సందేముంది? 'ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టాలి' అనడంలో ఉన్న విశాలత ఇందులో ఉందా?

అయితే ఆయనే మనకు ఒక మేలూ చేశాడు. 'నేను ఫలానావాణ్ణి కావాలి' అన్న సంకల్పాన్ని నలుగురూ గుర్తిస్తే, అప్పుడే అయిపోయామన్న తృప్తి కలిగి శ్రమ తగ్గుతుందని ఆయన బృందం 2009లో చూపించింది. ఇంతకంటే సులువైన మార్గం ఏముంది? ఈ రాత్రే స్టేటస్ పెట్టండి. అభినందనలు వస్తాయి, అందరికీ థ్యాంక్స్ చెప్పండి. నెల తర్వాత ఎవరైనా 'ఎంతవరకు వచ్చింది?' అని అడిగితే, వాళ్లను మ్యూట్‌లో పెట్టండి.