కుక్క వెనక కాళ్లు పడిపోతే మాత్ర, మర్దన, టానిక్ చాలవు

వెనక కాళ్లు పడిపోయిన కుక్కల గురించి పెంపకందారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా విస్తృతంగా తిరుగుతోంది. ఇది పక్షవాతమనీ, ఆపరేషన్ వల్ల ఒరిగేదేమీ లేదనీ, పారాసెటమాల్ గానీ డైక్లోఫెనాక్ గానీ వేసి, నడుముకు నూనె మర్దన చేస్తూ రోజూ నడిపించాలనీ, స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించి కాలేయం కోసం లివర్ టానిక్ పట్టాలనీ, నెల రోజులకీ లేవకపోతే అప్పుడు డాక్టరుకు చూపించాలనీ దాని సారాంశం. వీటిలో దాదాపు ప్రతి మాటా కుక్కకు హాని చేసేదే.

మొదటిది, పక్షవాతమన్న మాట. మనుషుల్లో పక్షవాతం సాధారణంగా మెదడులో రక్తనాళం మూసుకుపోవడం వల్లనో చిట్లడం వల్లనో వస్తుంది. డాష్‌హండ్ వంటి పొట్టికాళ్ల కుక్క నిన్నటిదాకా సోఫా ఎక్కి దిగుతూ ఈ రోజు నడుము వంచి మూలుగుతోందంటే, మొదట అనుమానించవలసింది వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌ను. ఈ జాతుల్లో డిస్క్ లోపలి మెత్తని గుజ్జు చిన్న వయసులోనే గట్టిపడి సున్నంలా మారుతుంది. ఒకనాడు అది పైపొరను చీల్చుకొని వచ్చి వెన్నుపాము మీద పడుతుంది. స్వీడన్‌కు చెందిన పరిశోధకుడు హాన్సెన్ 1950ల తొలినాళ్లలోనే దీన్ని వర్ణించారు. పొట్టికాళ్లకూ ఈ డిస్క్ జబ్బుకూ కారణమైన ఎఫ్‌జీఎఫ్4 జన్యువు అదనపు ప్రతి కుక్కల 12వ క్రోమోజోమ్ మీద ఉన్నట్టు 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు చూపించారు. వయసు మళ్లిన జర్మన్ షెపర్డ్‌లో నొప్పి లేకుండా నెలల తరబడి నెమ్మదిగా కాళ్లు ఈడ్చుకుపోయే జబ్బు వేరే ఉంది. ఎస్‌ఓడీ1 జన్యులోపంతో ముడిపడిన దానికి ఆపరేషన్ పనికిరాదు. వీటన్నిటినీ ఒకే పేరుతో పిలిచి ఒకే వైద్యం చెప్పడం దగ్గరే అసలు తప్పు మొదలవుతోంది.

మర్దన, నడక సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. చిరిగిన డిస్క్ మానేవరకూ కుక్క కదలకూడదు. ఆపరేషన్ లేకుండా వైద్యం చేస్తే కనీసం 4 వారాలు చిన్న బోనులోనో కట్టడి చేసిన చోటులోనో ఉంచి, విసర్జనకు మాత్రమే బయటికి తీసుకువెళ్లాలి. నొప్పి, కొద్దిపాటి తూలుడు మాత్రమే ఉన్న కుక్కలు ఇలాంటి విశ్రాంతితో చాలావరకు కోలుకుంటాయి. "మా కుక్క ఆపరేషన్ లేకుండానే లేచింది" అనేవారి మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ దాన్ని లేపింది మర్దన కాదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది మాత్రల సలహా. నొప్పికి పశువైద్యులు పారాసెటమాల్ ఇచ్చినప్పుడు సాధారణంగా కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. ఇంట్లో ఉండే 650 మిల్లీగ్రాముల మాత్రను 5 కిలోల కుక్కకు వేస్తే కిలోకు 130 మిల్లీగ్రాములు పడుతుంది. అది కాలేయ కణాలను చంపగల మోతాదు. నడుము నొప్పికని వేసిన మాత్రతో కుక్క కాలేయం పోగొట్టుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కడుపులో పుండ్లు పుట్టించి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. వాటి మీద స్టెరాయిడ్ కూడా పడితే పేగుల్లో రక్తస్రావమయ్యే ప్రమాదం బాగా పెరుగుతుంది. రాబందుల మరణాలకు కారణమైందని పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారన్నది కూడా ఇక్కడ గుర్తుచేయాలి.

ఇక స్టెరాయిడ్, టానిక్. వెనక కాళ్లలో నొప్పి స్పర్శ పూర్తిగా పోయిన కుక్కలకు పెద్ద మోతాదు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, ఇవ్వని వాటితో పోల్చి చూసిన పరీక్షలో అదనపు ప్రయోజనం కనిపించలేదు. పైగా స్టెరాయిడ్ తీసుకున్న కుక్క రక్తంలో ఏఎల్‌పీ అనే ఎంజైమ్ ఎంతో పెరుగుతుంది, ఎందుకంటే ఆ మందుకు స్పందించి కుక్క కాలేయం ఒక ప్రత్యేక రకం ఏఎల్‌పీని తయారుచేస్తుంది. ఆ రిపోర్టు చూసి లివర్ పోయిందని కంగారుపడి టానిక్ సీసాలు కొనేవారు చాలామంది. కాలేయం పనితీరును తేల్చేవి బైల్ యాసిడ్స్, ఆల్బుమిన్, బిలిరుబిన్ వంటి పరీక్షలు. లాబ్రడార్‌లో కాలేయ జబ్బు నిజంగా ఉంటే అది కాలేయంలో రాగి లోహం పేరుకోవడం వల్ల కావచ్చు. ఏటీపీ7బీ జన్యుమార్పుతో దానికున్న సంబంధం 2016లో బయటపడింది. ఆ రాగిని కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీతోనే తేల్చాలి, పెనిసిల్లమైన్ వంటి మందుతోనూ రాగి తక్కువున్న ఆహారంతోనూ తగ్గించాలి. టానిక్ ఆ పని చేయలేదు.

చివరిది, నెల రోజులు ఆగడం. పశువైద్యుడు కుక్క వెనక కాలి వేలిని ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కుతాడు. కుక్క కాలు వెనక్కి లాక్కుంటే నొప్పి తెలిసిందని యజమానులు సంతోషిస్తారు, కానీ అది వెన్నుపాము తనంతట తాను చేసే చర్య మాత్రమే. నొప్పి నిజంగా తెలిసిందనాలంటే కుక్క తల తిప్పి చూడాలి, లేదా అరవాలి, లేదా కరవబోవాలి. కాళ్లు పూర్తిగా పడిపోయినా ఆ నొప్పి తెలుస్తున్న కుక్కలకు ఆపరేషన్ చేస్తే నూటికి తొంభైకి పైగా మళ్లీ నడుస్తాయి. నొప్పి తెలియని స్థితికి చేరాక కూడా ఆపరేషన్‌తో సగానికి పైగా కోలుకుంటాయి, ఆపరేషన్ లేకుండా ఐదింట ఒకటి మాత్రమే. ఈ రోజు నొప్పి తెలుస్తున్న కుక్క రేపటికి ఆ స్పర్శ కోల్పోవచ్చు కాబట్టి, కాళ్లు పడిపోయిన రోజే తీసుకువెళ్లాలి. చంకల కింద చేతులు వేసి ఎత్తకుండా, గట్టి పలక మీద వీపు వంగకుండా పడుకోబెట్టి తీసుకువెళ్లండి. అది చివరిసారి మూత్రం ఎప్పుడు పోసిందో, అప్పటిదాకా ఏ మాత్ర ఎంత వేశారో దాచకుండా డాక్టరుకు చెప్పండి.