ఇంటిపేరు స్వయంప్రతిపత్తి వారికి

మహారాజశ్రీ లేహ్ స్వయంప్రతిపత్త పర్వత ప్రాంత అభివృద్ధి మండలి వారి సముఖమునకు,

సముద్రం ఒడ్డున కాకినాడ నుంచి ఒక మైదానవాసి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. లద్దాఖ్‌లో 3,500 మీటర్ల ఎత్తున తమరు కూడా క్షేమమేనని తలుస్తాను. అంత ఎత్తున ఊపిరి సరిగా అందదని నాకు అనుభవమే. అధికారం కూడా అందదని మిమ్మల్ని చూశాకే తెలిసింది.

మా వైపు ఒక సామెత ఉంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని. తప్పుగా అనుకోకండి, ఆ గబ్బిలాలు మీరు పెంచినవని నేననను. 1989లో లేహ్ వీధుల్లో మొదలైన ఆందోళనకు ఫలితంగా 1995లో పుట్టారు. డార్జిలింగ్‌లో గూర్ఖా కొండ మండలికి 1988లో కుట్టిన చొక్కా చూసి మీకూ ఒకటి కుట్టారు. జేబులు పెట్టారు గాని చేతులు కుట్టడం మరిచిపోయారు. 2011 లెక్కల ప్రకారం కేరళ కంటే పెద్దదైన జిల్లా, 1.33 లక్షల జనం, 26 మంది ఎన్నికైన సభ్యులు, నలుగురు నామినేటెడ్, పైన క్యాబినెట్ మంత్రి హోదాతో చీఫ్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిలర్. వైభోగానికి లోటేమీ లేదు. ఒక్క చట్టం చేసే వీలే లేదు.

కొన్నేళ్ల కిందట జులైలో సింధు ఒడ్డున ఒక ఊళ్లో నాలుగు రోజులు ఉన్నాను. అక్కడ ఊరి నీళ్లు పంచే చుర్పోన్ ఒకాయన ఉన్నాడు. మా పల్లెల్లో చెరువు కింద నీరటి చేసే పనే ఆయనదీ. కాకపోతే చెరువుకు బదులు మంచుకొండ. పొద్దున గడ్డకట్టుకుని ఉన్నది మధ్యాహ్నపు ఎండకు కరిగి, సాయంత్రానికి కాలువలోకి దిగుతుంది. ఆయన చేతిలో ఒక పార. మడవకు అడ్డంగా రెండు రాళ్లు, సందుల్లో వేళ్లతో సహా పెకలించిన గడ్డి పెళ్ల. పార మొనతో ఆ పెళ్లను ఎత్తి పక్కన పెట్టాడు. బూడిదరంగు నీళ్లు ఒక్క క్షణం తటపటాయించి బార్లీ చేలోకి తిరిగాయి. పక్క చేను ఆసామి గట్టు మీద నిలబడి ఏదో గొణిగాడు. చుర్పోన్ తలెత్తకుండానే ఒక మాట అన్నాడు. ఆసామి ఇంటిదారి పట్టాడు. ఏమన్నాడని నాకు గది అద్దెకిచ్చిన ఆచే-లేను అడిగాను. (ఆచే అంటే అక్క. మీకు 'లే' ఎలాగో మాకు 'గారు' అలాగ.) "నీ వంతు రేపు" అన్నాడట.

ఊరు అప్పగించిన పని అది. ఆయనకు క్యాబినెట్ హోదా లేదు, కారు లేదు. మడవ మాత్రం తిరిగింది. మీ 30 మందీ కలిసి ఒక్క మడవ తిప్పగలరా అని ఆ రాత్రంతా ఆలోచించాను. ఆక్సిజన్ తక్కువై నిద్ర పట్టలేదు లెండి.

మీ చేతికి డబ్బు రాదని కాదు. కానీ మైదానంలో కూర్చున్నవాళ్లు రాసిన పంచాంగం మీద నడుస్తుంది అది. ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. మీ దగ్గర మార్చిలో నేల ఇనుములా ఉంటుంది, చలికి సిమెంటు గట్టిపడదు, జోజి లా కనుమ మీద మంచు. పని జరిగేది మే నుంచి అక్టోబరు దాకా. అంటే మంచు కరగకముందే లెక్క చెప్పాలి, మంచు కరిగాక లెక్క మొదలుపెట్టాలి. ఇది నిర్ణయించినవారికి చలి అంటే ఏసీ కాబోలు.

2019లో లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంతమైన రోజున లేహ్ బజారులో పండగ చేసుకున్నారు. జమ్మూ కశ్మీర్ శాసనసభలో అంతకుముందు నలుగురు ఎమ్మెల్యేలైనా ఉండేవారు. ఆ నాలుగు కుర్చీలూ పోయాయి. శాసనసభ రాలేదు, లెఫ్టినెంట్ గవర్నరు గారు వచ్చారు. జనాభాలో 90 శాతానికి పైగా గిరిజనులే కనుక, గిరిజన మండళ్లకు చట్టాలు చేసే అధికారమిచ్చే రాజ్యాంగంలోని ఆరో షెడ్యూలులో చేర్చమని జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్ అదే ఏడాది సెప్టెంబరులో సిఫారసు చేసింది. 2020లో మీ ఎన్నికలప్పుడు బీజేపీ కూడా ఆ హామీ ఇచ్చింది, 26 స్థానాల్లో 15 గెలిచింది. హామీ ఇంకా కొండ ఎక్కుతూనే ఉంది. తమాషా ఏమిటంటే, ఆరో షెడ్యూలు కౌన్సిలుకు మామూలుగా గరిష్ఠం 30 మంది, అందులో నామినేటెడ్ నలుగురు. మీకూ సరిగ్గా అంతే. తూకం రాళ్లు ఇచ్చి, సరుకు మాత్రం కొట్లోనే ఉంచుకున్నారు.

ఆ సరుకూ మేలిరకమేనని నేను హామీ ఇవ్వలేను. అస్సాంలో దీమా హసావ్ కౌన్సిల్ ఆరో షెడ్యూలు వారే, మీకు వరసకు పెద్దన్నయ్య. ఒక సిమెంటు కంపెనీకి 3,000 బిఘాలు కేటాయించారని విని 2025 ఆగస్టులో గౌహతి హైకోర్టు న్యాయమూర్తి నివ్వెరపోయారు. చేతులున్న చొక్కా తొడుక్కున్నవారు ఆ చేతులతో ఏం చేస్తారన్నది వేరే ఉత్తరం. ముందు చేతులంటూ ఉండాలి కదా.

2025 సెప్టెంబరు 24 గురించి రాయకుండా ఉండలేను, రాస్తూ నవ్వలేను. నిరాహార దీక్షలతో, ఢిల్లీ దాకా పాదయాత్రతో వినిపించని మాట ఆ రోజు లేహ్‌లో నిప్పై వచ్చింది. కాల్పుల్లో నలుగురు చనిపోయారు. మీ చీఫ్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిలర్ కార్యాలయం మీద కూడా దాడి జరిగింది. అధికారం ఏనాడూ వెతుక్కుంటూ రాని చిరునామాకు కోపం మాత్రం దారి తప్పకుండా వచ్చింది.

చాంగ్‌తాంగ్ పీఠభూమిలో పశ్మీనా మేకలు మేసే వైపు తలపెట్టిన 13 గిగావాట్ల విద్యుత్తును తరలించే లైన్ల పథకానికి 2023లోనే ఢిల్లీలో ఆమోదముద్ర పడింది. ఆ మేకల వంతు ఎప్పుడో చెప్పగలిగే చుర్పోన్ ఎవరని ఎవరైనా అడిగితే, దయచేసి మీ పేరు చెప్పకండి. నమ్మి మీ గుమ్మం ముందు నిలబడతారు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి

తా.క.: ఈ లేఖకు జవాబివ్వడం మీ పరిధిలోకి వస్తుందో రాదో ముందు లెఫ్టినెంట్ గవర్నరు గారి కార్యాలయంలో కనుక్కోండి. తొందరేమీ లేదు, జోజి లా మూసేలోపు ఫైలు కదిలితే చాలు. ఆ ఊరికి ఎప్పుడైనా వెళ్తే చుర్పోన్ మేమే-లేకు, అంటే ఆ తాతగారికి, నా జూలే (నమస్కారం) చెప్పండి. వీలైతే ఆ పార ఒకసారి పట్టుకుని చూడండి. ఇవ్వడనుకుంటాను.