తొమ్మిది రంధ్రాల తలనొప్పి

మామయ్య పాత పీసీని అటక మీంచి దించి మూడు ఆదివారాలైంది. ఇంకా తెర వెలగలేదు. లోపల మూరెడు వీడియో కార్డు, పాత పీసీల ఐఎస్ఏ స్లాట్‌లో గుచ్చే రకం. పేరు లేదు, ఊరు లేదు. వెనక తొమ్మిది రంధ్రాల సాకెట్ ఒక్కటే. దీన్ని పట్టుకుని ఏం చెప్పాలండీ? 1981 నాటి ఎండీఏ (ఒకే రంగు), సీజీఏ (రంగులది) అనే వీడియో కార్డులకీ అదే సాకెట్. హెర్క్యులెస్‌కీ అదే. 1984 ఈజీఏకీ అదే!

పోనీ గుచ్చి చూద్దామా అంటే భయం. నా దగ్గరున్న మోనో (ఒకే రంగు) మానిటర్‌కి తెర మీద గీతలు గీసే వేగం 18.4 కిలోహెర్ట్జ్ కావాలి, సీజీఏ ఇచ్చేది 15.7. తేడా వస్తే మానిటర్ కాలినా కాలుతుంది.

రబ్బరుతో కాంటాక్టులు తుడిచి, భూతద్దం పెడితే 6845 అన్న చిప్, అంటే తెర సిగ్నల్‌ని నడిపేది, కనబడింది. ఎగిరి గంతేశా. తీరా చూస్తే అది ఎండీఏలోనూ ఉంటుందట, సీజీఏలోనూ, హెర్క్యులెస్‌లోనూ! మహా కనిపెట్టాను.

దుకాణానికి పట్టుకెళ్తే కుర్రాడు వీజీఏని హెచ్‌డీఎంఐగా మార్చే డబ్బీ చేతిలో పెట్టాడు. బాబూ, వీజీఏ 1987లో వచ్చింది, దానికి పదిహేను రంధ్రాలు, సిగ్నల్ కూడా వేరే అన్నాను.

"కొంచెం నొక్కితే పడుతుందన్నా."