మహారాజశ్రీ టేక్ గారికి, షాంఘై నుంచి

మహారాజశ్రీ టేక్ గారి దివ్య సముఖమునకు,

షాంఘైలోని పుడోంగ్ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమంగా లేము. మీరు క్షేమమేనని వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు క్రియల్లో మీరొకరు, మీ పేరులో ఉన్నవి నాలుగే అక్షరాలు, డిక్షనరీలో మాత్రం పేజీలకు పేజీలు కబ్జా. మీకేం లోటు?

నిన్నటి సంగతి తెలిసే ఉంటుంది. తెలియకపోతే వినండి.

మా టీమ్‌లో ఒక చైనా అమ్మాయి ఉంది. నన్ను 'గ' అంటుంది. వాళ్ల భాషలో గ అంటే అన్న. గురువారం రాత్రి లండన్ క్లయింటుకి మెయిల్ రాసి, 'గ, ఒక్కసారి చూడవా' అంది. వాళ్ల ప్రెజెంటేషన్ మమ్మల్ని బాగా ఆకట్టుకుందని చెప్పాలని పాపం ఆమె తాపత్రయం. మీ పక్కన 'ఇన్' చేరిస్తే గ్రహించడం, లోపలికి తీసుకోవడం, చేరదీయడం అని ఆమెకు గుర్తుంది. అన్నీ పెద్దమనిషి అర్థాలే. వాటిని నమ్ముకుని 'వుయ్ వర్ కంప్లీట్లీ టేకెన్ ఇన్ బై యువర్ ప్రెజెంటేషన్' అని రాసింది. అన్నగారు చూశారు. స్పెల్లింగులు సరిపోయాయి. కామాలు సరిపోయాయి. 'సూపర్, పంపెయ్' అన్నారు.

లండన్‌లో ఆఫీసు తెరిచేసరికి మాకు సాయంత్రం నాలుగున్నర. అప్పుడు వచ్చింది ఫోను. 'మీ ప్రెజెంటేషన్‌తో మమ్మల్ని నిలువునా మోసం చేశారు' అని మేం రాశామట. అదీ 'కంప్లీట్లీ' అని నొక్కి మరీ.

మేనేజర్ ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. క్షమాపణ మెయిల్ నేనే రాస్తానన్నాను. ఇంగ్లీషు మీడియం చదువు, ఇరవై ఏళ్ల సర్వీసు, ఆ మాత్రం ధీమా ఉండదా? రెండు గంటలు కూర్చుని, నాలుగు పేరాలు చెక్కి, చివర్న వినయం ఉట్టిపడేలా 'ప్లీజ్ డోంట్ టేక్ ఇట్ అదర్‌వైజ్' అని ముగించాను. మనవాళ్లకి ఇందులో లోపమేంటో అర్థం కూడా కాదు. అన్యథా భావించవద్దు, అంతే కదా! లండన్ నుంచి ఒక్క లైను జవాబు వచ్చింది: 'అదర్‌వైజ్ దేన్ వాట్?' అన్యథా అంటే దేనికి అన్యథా అని.

చూశారా టేక్ గారూ, చైనా పిల్లని మీ ఇన్‌తో పడగొట్టారు, తెలుగువాణ్ని ఏ తోడూ లేకుండా ఒంటరిగానే పడగొట్టారు.

మెట్రోలో ఇంటికెళ్తుంటే ఆ అమ్మాయి ఏడవలేదు. ఫోన్‌లో పాత ఫోటో ఒకటి వెతికి చూపించింది. స్కూల్ నోట్‌బుక్కులో పేజీ అది. మధ్యలో మీ పేరు, చుట్టూ సూర్యకిరణాల్లా ఆఫ్, ఆన్, అప్, ఇన్, అవుట్, ఓవర్, ఆఫ్టర్, టు. ఒక్కో కిరణం చివర చీమల బారులా చైనా అక్షరాలు. ఇన్ కిరణానికి ఐదు అర్థాలున్నాయి. ఐదోది మోసగించడమే! చోటు చాలక పేజీ అంచున నిలువుగా రాసుకుంది, దాని మీద సరిగ్గా ఒక టీ మరక.

'ఇన్ వస్తే మోసం ఎందుకవుతుందని టీచర్‌ని అడగలేదా?' అన్నాను.

'అడిగాను. గుదింగ్ దాపేయ్ అన్నారు.'

అంటే స్థిరమైన జోడీ అని. ఇది ఇలాగే వస్తుంది, విడదీయకూడదు, కారణం అడక్కూడదు. చైనాలో ఇంగ్లీషు చదివిన ఎవరికైనా ఈ మాట వింటే పంటి కింద రాయి పడ్డట్టే. మన లెక్కల మాస్టారి 'అదంతే, బట్టీ కొట్టు'కి ఇది చైనా అక్క. జూన్ 7న మొదలయ్యే గావ్‌కావ్, అంటే కాలేజీ ప్రవేశ పరీక్షలో, చాలాచోట్ల 750 మార్కులుంటే ఇంగ్లీషుకే 150. దాని కోసం చేసే ప్రాక్టీసు పేపర్లలో ఖాళీ పూరించమంటారు. నాలుగు ఆప్షన్లూ మీరే, వెనక తోక ఒక్కటే మారుతుంది. అది దాటి కాలేజీకి వెళ్తే 1987 నుంచి నడుస్తున్న నాలుగో బ్యాండ్ ఇంగ్లీషు పరీక్ష, 710కి 425 వస్తే గండం గడిచినట్టు. అక్కడి వొకాబులరీ పుస్తకాలు చాలావాటిలో మొదటి మాట 'అబాండన్', అంటే వదిలెయ్యడం. పుస్తకం తెరవగానే వదిలెయ్యమని చెప్పింది కాబట్టి వదిలేశాం అని వాళ్లలో పాత జోకు. మీరుండేది టీ అక్షరం దగ్గర. అంతదూరం నడిచినవాళ్లకి మీరిచ్చిన బహుమానం ఈ టీ మరక.

అసలు ఆ పిల్ల మీ మీద పెట్టుకున్న మొదటి నమ్మకం చాలా చిన్నది. ప్రైమరీ స్కూల్లో మీరంటే 'నా' అని నేర్పారు. నా అంటే చేత్తో పట్టుకోవడం. అంతటితో అయిపోయిందనుకుంది. ఆ తర్వాత బస్సు వచ్చింది. చైనా వాళ్లు బస్సులో 'కూర్చుంటారు', మనం 'ఎక్కుతాం', మీరు చేత్తో పట్టుకుంటారు. మందు వాళ్లు 'తింటారు', మనం 'వేసుకుంటాం', మీరు మళ్లీ చేత్తోనే. టాక్సీని వాళ్లు 'కొడతారు', మనం ఆటో 'మాట్లాడతాం'. ఫోటో మనం 'తీస్తాం', అవతలివాళ్లు 'దిగుతారు'. ప్రతి పనికీ దాని ముఖం చూసి దానికి తగ్గ క్రియ పెట్టుకున్న మర్యాదస్తులం మేము. మీరేమో స్నానం, పరీక్ష, టైము, ఫోటో, బస్సు అన్నిటి మీదా ఒకే చెయ్యి వేస్తారు.

తేవడం, తీసుకెళ్లడం దగ్గరైతే మేమిద్దరం ఒకే పార్టీ. వాళ్లు 'దాయ్' అన్న ఒక్క క్రియకే రావడం తగిలిస్తే తేవడం, పోవడం తగిలిస్తే తీసుకెళ్లడం. మనకీ అంతే, తీసుకురా, తీసుకుపో. ఈ ఏర్పాటులో నీకేం లోటు కనిపించిందయ్యా, మధ్యలో బ్రింగ్‌ని కూడా పిలుచుకొచ్చి దిక్కులు పంచుకున్నావు?

నువ్వు అనేశాను. క్షమించండి అనను. ఇంక నువ్వే.

నీ టేక్ ఆఫ్ ఏంటి? విమానమైతే పైకి లేస్తుంది, చొక్కా అయితే ఊడుతుంది, సోమవారం అయితే సెలవవుతుంది! కేఫ్‌లో ఖాళీ కుర్చీ ఎదురుగా కనబడుతుంటే 'టేకెన్' అంటారు, ఎవరు ఎత్తుకుపోయారు? చైనా క్రియ పుట్టిన రూపంలోనే చచ్చేదాకా ఉంటుంది. పని అయిపోతే పక్కన ఒక 'ల' పెడతారు, అయిపోతుంది. నీకు మాత్రం టుక్ అనీ, టేకెన్ అనీ పూటకో వేషం.

పోనీ ఇంగ్లీషు నీ సొంతిల్లు, నీ ఇష్టం అనుకుందామంటే అదీ కాదు. నువ్వు వైకింగ్‌ల పడవెక్కి వచ్చినవాడివి. అసలు పేరు 'తాక'. అప్పటిదాకా ఆ పని పాత ఇంగ్లీషులో 'నిమన్' అనే క్రియ చూసుకునేది. వచ్చి దాన్ని గెంటేసి ఆ ఇంట్లో కూర్చున్నావు. ఎత్తుకుపోయేవాళ్లతో వచ్చినవాడికి ఎత్తుకోవడం తప్ప ఇంకేం వస్తుంది? పాపం నిమన్ ఉండుంటే ఆ పిల్ల నిన్న మేనేజర్ గదిలో తల దించుకునేది కాదేమో.

ఓదారుద్దామని, మా భాషలో ఇలాంటప్పుడు 'లైట్ తీసుకో' అంటామని చెప్పాను. అర్థం అడిగితే మాటకి మాట చెప్పాను. ఆమె నా వైపు, మెట్రో పెట్టె పైన వెలుగుతున్న ట్యూబ్‌లైట్ వైపు మార్చి మార్చి చూసి, 'దీన్నా? పట్టుకెళ్లనిస్తారా?' అంది. పొద్దున్నుంచి అప్పుడే నవ్వింది. పక్కన కూర్చున్న తాతగారు కూడా ఏం అర్థమైందో ఏమో, నవ్వాడు.

అప్పుడు నాకు కాస్త సిగ్గేసింది, ఒప్పుకుంటాను. మా తీసుకోవడం మాత్రం తక్కువ తిన్నదా? ఊపిరి తీసుకుంటాం, జాగ్రత్త తీసుకుంటాం, సీరియస్‌గా తీసుకుంటాం. నిన్ను తిట్టడానికి బయలుదేరి మా ఇంట్లో నీ తమ్ముణ్ని పట్టుకున్నట్టయింది.

దిగేముందు నా తలనొప్పి చూసి బ్యాగులోంచి మాత్రల షీటు తీసి ఇచ్చింది. 'గ, ఈట్ మెడిసిన్' అంది. టేక్ అనాలమ్మా అని నోటిదాకా వచ్చింది. మాత్ర నోట్లో వేసుకుని ఊరుకున్నాను.

సోమవారం పొద్దున లండన్‌తో కాల్ ఉంది. ఇద్దరం కలిసి ఒక మెయిల్ రాశాం. అందులో నువ్వు ఎక్కడా లేవు, మూడుసార్లు వెతికాం.

ఇక సెలవు తీసుకుం...

సెలవు.

ఇట్లు,
నీ ఇన్‌తో మునిగిన ఇద్దరు