గ్రాఫీన్‌లో లోపాలు: వేడికి తగిలే దెబ్బ వేరు, కరెంటుకు తగిలేది వేరు

ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర గ్రాఫీన్. దాని ఉష్ణవాహకత అనగానే అందరూ చెప్పే అంకె మీటరు-కెల్విన్‌కు 5,000 వాట్లు. రాగిది 400. అయితే ఆ 5,000 అన్నది, కింద ఆధారమేదీ లేకుండా వేలాడదీసిన పొరను 2008లో కొలిచినప్పటిది. పొరను సిలికాన్ డయాక్సైడ్ మీద పరిచారా, అది 600 దగ్గరికి పడిపోతుంది. పొరలో ఒక్క పరమాణువు చెదరకపోయినా ఇంతే!

రాగిలో వేడినీ కరెంటునూ ప్రధానంగా ఎలక్ట్రాన్లే మోస్తాయి. అందుకే మలినాలు చేరితే రెండూ దాదాపు ఒకే పాళ్లలో తగ్గుతాయి. గ్రాఫీన్‌లో కరెంటు ఎలక్ట్రాన్ల పని, వేడి చాలావరకు ఫోనాన్ల పని, అంటే పరమాణువుల అల్లికలో సాగే కంపనాలది. కాబట్టి ‘లోపాలు తక్కువ’ అన్న మాట ఒక్కటే ఏమీ చెప్పదు. ఏ లోపం, ఎవరికి అడ్డం? అసలు అడగాల్సింది అదీ.

సహజ కార్బన్‌లో 1.1 శాతం కార్బన్-13 ఉంటుంది. కార్బన్-12తో పోలిస్తే ఒక న్యూట్రాన్ బరువు ఎక్కువ, అంతే. ఎలక్ట్రాన్‌కు ఆ తేడా దాదాపు తెలియదు. కంపనానికి మాత్రం తెలుస్తుంది. 99.99 శాతం కార్బన్-12తో చేసిన గ్రాఫీన్ 4,000 దాటితే, రెండు ఐసోటోపులు సగం సగం కలిపినది అందులో సగం కూడా అందుకోలేదని 2012 నాటి కొలతలు చూపాయి. పొర కింద ఉండే సిలికాన్ డయాక్సైడ్ సంగతి ఇంకో రకం. అందులో చిక్కుకున్న ఆవేశాలు ఎలక్ట్రాన్లను చెదరగొడతాయి. వేడికి అడ్డుపడేది ఆ ఆవేశాలు కావు. పొర పైకీ కిందికీ ఊగకుండా పట్టేసే ఆ ఉపరితలమే.

ఒక పరమాణువు ఊడిపోయి ఖాళీ ఏర్పడితే మాత్రం ఎలక్ట్రాన్లకూ ఫోనాన్లకూ దెబ్బే. పక్కనున్న మూడు పరమాణువులూ తలా ఒక బంధం కోల్పోతాయి. బరువూ బంధమూ రెండూ మారడంతో ఫోనాన్లు చెదురుతాయి. అక్కడ పుట్టే కొత్త శక్తి స్థితులు ఎలక్ట్రాన్లను చెదరగొడతాయి.

పరీక్షకు చాలామంది నమ్ముకునేది రామన్ స్పెక్ట్రమ్‌ను, అంటే పొర మీద లేజర్ వేసి చెదిరిన కాంతిని కొలిచే పరీక్షను; అందులో 1,350 సెం.మీ⁻¹ దగ్గర లోపాల వల్ల లేచే డి శిఖరానికీ, 1,580 దగ్గరి జీ శిఖరానికీ ఉన్న నిష్పత్తిని. ఇందులో రెండు ఉచ్చులున్నాయి. లోపాల మధ్య దూరం సుమారు 4 నానోమీటర్లకు తగ్గేదాకా ఆ నిష్పత్తి పెరుగుతుంది, ఆపైన పడిపోతుంది. అంటే బాగా పాడైన పొర కూడా శుభ్రమైనదానిలా కనిపించగలదు. శిఖరాల వెడల్పు కూడా చూస్తేనే తేడా బయటపడుతుంది. ఇక ఐసోటోపులు, ఆక్సైడ్ ఆవేశాలు డి శిఖరాన్ని లేపనే లేపవు.

గ్రాఫీన్ ఆక్సైడ్‌తో, అంటే ఆక్సిజన్ అతుక్కున్న గ్రాఫీన్‌తో, వేడిని మోయడానికి చేసే ఫిల్ములలో కరెంటును చూసి వేడిని ఊహించే పొరపాటు ఖరీదైనది. వేడి చేస్తే ఆక్సిజన్ ఒంటరిగా పోదు, కార్బన్‌నూ వెంట తీసుకుపోయి ఖాళీలు మిగులుస్తుంది. 1,000 డిగ్రీల సెల్సియస్‌కు ఆక్సిజన్ చాలావరకు వెళ్లిపోయి ఫిల్ము కరెంటును బాగానే మోస్తుంది. ఖాళీలు పూడాలంటే మాత్రం 2,800 డిగ్రీల దాకా పోవాలి. అందుకే విద్యుత్ నిరోధం ఒక్కటే కొలిచి, ఫిల్ము వేడినీ బాగా మోస్తుందని రాసిన వివరపత్రాన్ని ఒప్పుకోకూడదు.